పండుగ అయిపోయింది, బాల్కనీలో ఆరు సంచులు మిగిలాయి

మూడో అంతస్తు | డిసెంబరు 26, ఉదయం 7:42

అందరికీ నమస్కారం. నిన్న క్రిస్మస్‌కి మా ఇంట్లో పద్నాలుగు మంది చేరాం. అక్కలు, బావలు, పిల్లలు, ఇద్దరు స్నేహితులు. రాత్రి పన్నెండుకి అందరూ వెళ్లిపోయారు, చెత్త మాత్రం ఉండిపోయింది. పొద్దున్నే తలుపు తీసి చూస్తే బాల్కనీలో ఆరు నల్ల సంచులు, పక్కన మోకాలి ఎత్తున అట్టపెట్టెల గుట్ట. సెలవుల వల్ల చెత్త బండి మళ్లీ 29న గానీ రాదు. ఒక సంచి అడుగు నుంచి అప్పుడే ఏదో కారుతోంది.

లోపల ఏమున్నాయో గుర్తున్నంత వరకు చెబుతాను. గిఫ్ట్ పేపర్లు, రిబ్బన్లు, థర్మోకోల్, కేకు పెట్టెలు, మిగిలిన వంటలు, ఎముకలు, ఫాయిల్, సీసాలు, కాగితపు కప్పులు, సగం వెలిగి సగం వెలగని సీరియల్ లైట్ల తీగ, ఒక పగిలిన గాజు గ్లాసు. ఇవి కాక హాల్లో మూలన నిజం చెట్టు ఒకటి, ఆకులు రాల్చుకుంటూ నిలబడి ఉంది. మూడు రోజులు వీటితో ఎలా నెట్టుకురావాలి? ఏది మళ్లీ పనికొస్తుంది, ఏది రాదు?

పాతడబ్బా | డిసెంబరు 26, ఉదయం 8:05

పొడి చెత్త మూడు రోజులు కాదు, మూడు నెలలు ఉన్నా ఎవరినీ ఏమీ అనదు. తొందర పెట్టేది తడి చెత్త ఒక్కటే. ముందు ఆ కారుతున్న సంచి సంగతి చూడండి, మిగతావి మధ్యాహ్నం భోజనం అయ్యాక చూసుకోవచ్చు.

మిగిలిన వంటల్లో రాత్రే ఫ్రిజ్‌లో పెట్టినవి ఉంటే అవి చెత్త కాదు, మూడు నాలుగు రోజుల్లో తినేయండి. బల్ల మీద గంటల తరబడి ఉండిపోయినవాటి మీద మాత్రం మమకారం వద్దు. పారేయాల్సినదాన్ని జల్లెడలో వేసి నీరు వార్చండి. వాసన పుట్టేది ఎక్కువగా ఆ నీటిలోనే. వార్చినదాన్ని పాత పేపరులో పొట్లం కట్టండి. ఎముకలు, మాంసం ముక్కలు ఒక మూత డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేసి, బండి వచ్చే రోజు పొద్దున తీయండి. గడ్డకట్టినది కుళ్లదు, కారదు, పిల్లిని పిలవదు.

మొదటిసారి నేనిలా చేసినప్పుడు ఇంట్లో అందరూ ముఖం చిట్లించారు. ఇప్పుడు మా ఫ్రీజర్‌లో ఆ డబ్బా మీద ‘ఇది తినకూడదు’ అని చీటీ కూడా ఉంటుంది. ఆ చీటీ ఎందుకు అంటించాల్సి వచ్చిందో అడగవద్దు.

మూడో అంతస్తు | డిసెంబరు 26, ఉదయం 8:19

ధన్యవాదాలు. కానీ అసలు చిక్కు వేరే ఉంది. రాత్రి అలసటలో దొరికిన సంచిలో దొరికినది వేసేశాం. కనీసం మూడు సంచుల్లో గిఫ్ట్ పేపరు, పులుసు, కప్పులు అన్నీ కలిసిపోయాయి. వాటిని అలాగే మూతి కట్టేసి బండికి ఇచ్చేయనా?

తోటమాలి | డిసెంబరు 26, ఉదయం 9:10

ఇవ్వవద్దు. విప్పండి. బాల్కనీలో పాత దుప్పటో ప్లాస్టిక్ పట్టానో పరిచి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని ఒక్కొక్క సంచీ బోర్లించండి. పగిలిన గ్లాసు ఏ సంచిలో ఉందో తెలియదు కాబట్టి చేయి పెట్టి కెలకవద్దు, పట్టకారు వాడండి. ఆరు సంచులకు గంటకన్నా ఎక్కువ పట్టదు. తడిసిన కాగితం తడి కుప్పలోకి, తడవనిది పొడి కుప్పలోకి. పులుసులో నానిన గిఫ్ట్ పేపరును కాపాడాలని చూడకండి, దాని ఆయుష్షు తీరిపోయింది.

ఇంట్లో కంపోస్టు కుండీ ఉంటే పండుగ చెత్త దానికి విందు భోజనమే. అయితే ఒక్కసారిగా వేస్తే దానికీ అజీర్తి చేస్తుంది. కూరగాయల తొక్కల్లో, మిగిలిన తిండిలో నత్రజని ఎక్కువ. ఎండుటాకుల్లో, అట్టముక్కల్లో కర్బనం ఎక్కువ. కుండీలో ఒక వంతు నత్రజనికి పాతిక ముప్పై వంతుల కర్బనం ఉంటేనే సూక్ష్మజీవులు సరిగా పని చేస్తాయి. తూకం వేసి చూడాల్సిన పని లేదు. ఒక గిన్నె తొక్కలు వేస్తే రెండు మూడు గిన్నెల చింపిన అట్టముక్కలు పైన కప్పండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపలికి గాలి అందడం లేదని అర్థం. కలియబెట్టి ఇంకాస్త అట్ట వేయండి. మీ బాల్కనీలో ఉన్న పెట్టెల గుట్టలో సగం దీనికే పనికొస్తుంది. టేపు, మెరిసే పూత ఉన్నవి మాత్రం కాదు. నూనె, మాంసం, ఎముకలు కూడా చిన్న కుండీలో వద్దు. ఎలుకలకు కబురు పెట్టినట్టే.

లెక్కల మాస్టారు | డిసెంబరు 26, ఉదయం 9:48

తిండి సంగతి వచ్చింది కాబట్టి ఒక అంకె చెప్పి పక్కకు జరుగుతాను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. హోటళ్లు, దుకాణాలు అన్నీ కలిపినా సగం కూడా కాదు, 60 శాతం ఇళ్ల నుంచే వచ్చింది. ఆ తిండి చెత్తకుప్పలో అడుగున పడి గాలి ఆడక కుళ్లితే మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కన్నా పాతిక రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. పద్నాలుగు మందికి ఇరవై మందికి సరిపడా వండడం మన ప్రేమకు కొలమానం అనుకుంటాం. చెత్తబుట్టకు ఆ ప్రేమ అర్థం కాదు.

చిత్తుకాగితం | డిసెంబరు 26, ఉదయం 10:22

గిఫ్ట్ పేపర్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. గుప్పిట్లో పట్టి గట్టిగా నలిపి వదలండి. ఉండలాగా అలాగే ఉండిపోతే అది కాగితం. మెల్లగా విచ్చుకుని మళ్లీ సాపుగా అవుతుంటే అందులో ప్లాస్టిక్ పొర ఉంది, కాగితాల్లో వేయకూడదు. నలిగినా సరే, పైన మెరుపు పొడి అద్ది ఉంటే అదీ వద్దు. రిబ్బన్లు, పూలగుత్తులు, టేపు వీలైనంత వరకు పీకేయండి. వేలెడు టేపు ముక్క మిగిలిపోయినా ప్రమాదం లేదు.

గ్రీటింగ్ కార్డులకు సులువైన దారి ఉంది. మెరుపు ఎప్పుడూ ముందు అట్ట మీదే ఉంటుంది. దాన్ని చింపి పక్కన పెట్టి, రాత ఉన్న వెనక అట్టను కాగితాల్లో వేయండి. ఆ ముందు బొమ్మలు వచ్చే ఏడాది బహుమతుల మీద పేర్లు రాసే చీటీలవుతాయి.

నిశాచరి | డిసెంబరు 26, ఉదయం 10:31

ఇప్పుడే ఇంట్లో ఉన్నవన్నీ నలిపి చూశాను. పదకొండింటిలో ఏడు విచ్చుకున్నాయి. కాగితమని నమ్మి కొన్నాను కదా!

లెక్కల మాస్టారు | డిసెంబరు 26, ఉదయం 11:02

చిత్తుకాగితం గారు చెప్పినదానికి కారణం కూడా చెప్పాలి. లేకపోతే ఇదంతా మూఢనమ్మకంలా ఉంటుంది. పాత కాగితాన్ని నీళ్లలో వేసి గిలకొట్టి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జును జల్లెళ్ల గుండా పంపి, బుడగలు ఊది సిరాను పైకి తేలుస్తారు. నీళ్లలో కరిగి విడిపోయే నార ఉంటేనే అది కాగితం. ప్లాస్టిక్ పొర కరగదు. నూనె పట్టిన కేకు పెట్టె అడుగుభాగం అంతకన్నా చెడ్డది. నార నుంచి నూనె విడిపోదు, తయారైన కాగితం మీద మరకలుగా తేలుతుంది. పెట్టె మూతను చింపి కాగితాల్లో వేయండి, జిడ్డు పట్టిన అడుగును తడి చెత్తలో వేయండి.

మెరుపు పొడి చాలావరకు ప్లాస్టిక్ రేకు మీద అల్యూమినియం పూసి ముక్కలు చేసినదే. ఏ జల్లెడకూ చిక్కదు, ఏ నీటిలోనూ కరగదు. యూరోపియన్ యూనియన్‌లో 2023 అక్టోబరు నుంచి విడిగా అమ్మే ప్లాస్టిక్ మెరుపు పొడి మీద ఆంక్షలు పెట్టింది అందుకే. నారకూ ఒక ఆయుష్షు ఉంది. గుజ్జు చేసిన ప్రతిసారీ కాస్త పొట్టిదవుతుంది, అయిదారు జన్మలెత్తాక ఇక అల్లుకోదు.

సందేహం | డిసెంబరు 26, మధ్యాహ్నం 12:15

అంతా బాగానే ఉంది. నాకు ఎప్పటి నుంచో ఉన్న ప్రశ్న అడుగుతాను, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. మనం ఇక్కడ నలిపి, విచ్చుకుందో లేదో చూసి, కార్డులు రెండుగా చింపి, అయిదు కుప్పలు పెడతాం. బండి వస్తుంది, అయిదూ ఒకే తొట్టిలో పడతాయి. నా కళ్లతో చూశాను. ఈ శ్రమంతా మన మనసు ఊరట కోసమేనా?

బెల్టు పక్కన | డిసెంబరు 26, మధ్యాహ్నం 1:40

సందేహం గారూ, చెత్త వేరు చేసే కేంద్రంలో నాలుగేళ్లు పని చేశాను. అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను, ఆ తర్వాత మీరే తేల్చుకోండి.

పొడి చెత్త ఒక కదిలే బెల్టు మీద వస్తుంది. దానికి ఇరువైపులా మేం నిలబడతాం. మొదట చేతులతో పెద్ద వస్తువులు ఏరుతాం. ఆ తర్వాత అది తిరిగే ఇనుప చక్రాల వరస మీదికి వెళ్తుంది. అట్టలు పైపైన దొర్లుకుంటూ ముందుకు పోతాయి, చిన్నవి సందుల్లోంచి కిందికి జారతాయి. ఇనుమును అయస్కాంతం లాగుతుంది. అల్యూమినియాన్ని వేరే యంత్రం ఎగరగొడుతుంది. ప్లాస్టిక్‌ను పరారుణ కాంతితో గుర్తుపట్టి గాలి ఊదుతారు.

క్రిస్మస్ తర్వాత వారం వస్తే మాకు భయం. ఎందుకంటే రిబ్బన్లు, మెరుపు తోరణాలు, సీరియల్ లైట్ల తీగలు ఆ చక్రాలకు చుట్టుకుంటాయి. దారపు ఉండలాగా బిగుసుకుంటాయి. యంత్రం ఆపాలి, కరెంటు తీయాలి, ఇద్దరు లోపలికి దిగి వంగి కత్తులతో ఒక్కొక్క పోగూ కోయాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒకరోజు నేను కోసిన దాంట్లో ఎరుపు రిబ్బను మీద ఎవరి పేరో బంగారు అక్షరాలతో ఉంది. ఆ మనిషికి తెలియదు, పాపం, తన బహుమతి మా నడుములు విరిచిందని.

నల్ల సంచి మూతి కట్టి వస్తే దాన్ని చాలాసార్లు విప్పం. లోపల ఏముందో కనబడదు, సూదులుండవచ్చు, గాజు ఉండవచ్చు. పక్కకు తోసేస్తాం. అందులో ఎంత శుభ్రమైన అట్ట ఉన్నా గోతిలోకే. నల్ల ప్లాస్టిక్ ట్రేలు కూడా అంతే. ఆ నలుపు రంగు కాంతిని మింగేస్తుంది కాబట్టి యంత్రం వాటిని చూడలేదు.

బండిలో కలిపేస్తారన్నారు. కొన్నిచోట్ల కలుపుతారు, కాదనను. కానీ పొడివి పొడివిగా, సంచి విప్పి ఉంటే, కలిపేసిన చోట కూడా మేం కొన్ని ఏరగలం. పులుసు పోసి ఉంటే ఏమీ ఏరలేం. కుండెడు పాలకు ఒక్క ఉప్పుకల్లు చాలు.

సందేహం | డిసెంబరు 26, మధ్యాహ్నం 2:03

కత్తుల సంగతి నాకు తెలియదు. పోయిన ఏడాది నేను పారేసిన తోరణాలు గుర్తుకొస్తున్నాయి. ప్రశ్న వెనక్కి తీసుకోను గానీ గొంతు తగ్గిస్తున్నాను.

అయితే ఇంకొకటి. సీసాలు, డబ్బాలు కడిగి వేయాలంటారు. దానికి పోసే నీళ్లు వృథా కాదా?

పాతడబ్బా | డిసెంబరు 26, మధ్యాహ్నం 2:20

కొత్త నీళ్లు ఎవరు పోయమన్నారండీ? గిన్నెలు తోమాక మిగిలిన నీళ్లలో ఒకసారి ముంచి దులిపితే చాలు. అద్దంలా మెరవక్కర్లేదు. బోర్లిస్తే ఏమీ కారకూడదు, అంతే.

ఫాయిల్ గురించి కూడా చెబుతాను. చిన్న ముక్కలుగా వేస్తే అవి సందుల్లో జారిపోతాయి. శుభ్రంగా ఉన్నవన్నీ కూడబెట్టి గుప్పెడంత ఉండ చేసి వేయండి. అల్యూమినియం పారేయదగినది కాదు. ఖనిజం నుంచి కొత్తగా తీయడంతో పోలిస్తే పాతదాన్ని కరిగించడానికి 5 శాతం విద్యుత్తు సరిపోతుంది. చిప్స్ పొట్లాం లోపల మెరుస్తోంది కదా అని దాన్ని ఇందులో కలపకండి. నలిపి చూస్తే మీకే తెలుస్తుంది, విచ్చుకుంటుంది.

మూడో అంతస్తు | డిసెంబరు 26, సాయంత్రం 4:55

సంచులు విప్పాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ముక్కు మూసుకుని పర్యవేక్షించింది. నాలుగో సంచిలో మా చిన్న బావగారి కళ్లజోడు దొరికింది. రాత్రి నుంచి ఆయన ఇల్లంతా వెతికిస్తున్నారట.

ఇప్పుడు కుప్పల వారీగా అడుగుతాను. సీసాలు సరే. పగిలిన గ్లాసును వాటితో వేయవచ్చా? కాగితపు కప్పులు కాగితమేనా? థర్మోకోల్ ఏం చేయాలి? ఒక పెద్ద బాణలి నిండా వాడిన నూనె ఉంది, వేడినీళ్లతో కలిపి సింకులో పోసేయమని అక్క అంటోంది.

తోటమాలి | డిసెంబరు 26, సాయంత్రం 5:10

నూనె సింకులో వద్దు! మీ అక్కగారికి నా నమస్కారాలు చెప్పి బాణలి ఆమెకు అందకుండా దాచండి.

లెక్కల మాస్టారు | డిసెంబరు 26, సాయంత్రం 5:34

వేడినీళ్లు నూనెను కరిగించవు, కాస్త ముందుకు తోస్తాయి. గొట్టం లోపల చల్లారాక అది గోడలకు పట్టి, నీటిలోని సున్నంతో కలిసి గట్టి సబ్బులా మారుతుంది. దానికి తడి రుమాళ్లు అంటుకుంటాయి. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ కింద మురుగు కాలువలో ఇలా పేరుకున్న ముద్ద 130 టన్నులు తూగింది, 250 మీటర్ల పొడవుంది. తవ్వి తీయడానికి వారాలు పట్టింది. చల్లారిన నూనెను వడగట్టి పాత సీసాలో పోసి మూత బిగించండి. వాడిన నూనె తీసుకునే కేంద్రాలున్న చోట దాన్ని డీజిల్‌గా మారుస్తారు. లేకపోతే పాత పేపర్లో, రంపపు పొట్టులో పీల్చి చెత్తలో వేయండి. బాణలికి అంటిన జిడ్డును కడిగే ముందే కాగితంతో తుడవండి.

కాగితపు కప్పులు పేరుకే కాగితం. లోపల సన్నటి ప్లాస్టిక్ పొర లేకపోతే కాఫీ మీ చొక్కా మీద ఉండేది. వాటిని కాగితాల్లో వేయవద్దు. పాలు, రసాల పెట్టెలూ అంతే, అట్ట, ప్లాస్టిక్, చాలావాటిలో అల్యూమినియం కూడా అంటించి చేసినవి. ప్రత్యేకంగా తీసుకునేచోటే ఇవ్వాలి.

బెల్టు పక్కన | డిసెంబరు 26, సాయంత్రం 6:12

తాగే గ్లాసు సీసాల్లో వద్దు. అది కరిగే వేడి వేరు, సీసా గాజు కరిగే వేడి వేరు. చెట్టుకు కట్టే గాజు బంతులు, పింగాణీ కప్పులు కూడా అంతే. ఆ పెంకులను మందపాటి పేపర్లో నాలుగు పొరలు చుట్టి, ఏదైనా అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి, పైన పెద్ద అక్షరాలతో ‘గాజు’ అని రాయండి. నా ఎడమ అరచేతిలో ఆరు కుట్లున్నాయి. తొడుగు వేసుకునే ఉన్నాను.

థర్మోకోల్ మీద త్రికోణంలో 6 అంకె ఉంటుంది. ఆ అంకె అది ఏ ప్లాస్టికో చెబుతుంది, మళ్లీ వాడతారని కాదు. చాలామంది అక్కడే పొరబడతారు. నూటికి తొంభై అయిదు వంతులకు పైగా గాలే కాబట్టి బండిలో చోటు తింటుంది గానీ తూకం రాదు, అందుకే ఎక్కువ కేంద్రాలు తీసుకోవు. దయచేసి నలిపి పూసలు చేయకండి, అవి గాలికి ఎగిరి కాలువలో తేలుతాయి. దిమ్మలుగా ఉంచి, వారంటీ ఉన్న వస్తువుకు పెట్టెతో పాటు దాచుకోండి.

నిద్రలేని నాన్న | డిసెంబరు 26, రాత్రి 9:30

ఈ చర్చ చూశాక నేను ఒకటి చెప్పకుండా ఉండలేను. మూడేళ్ల క్రితం పండుగ మర్నాడు మా పాపకు ఏడాదిన్నర. తెరిస్తే పాట పాడే కార్డు ఒకటి చెత్తలో వేశాం. పాప దాన్ని ఎప్పుడు బయటికి తీసిందో, చింపి కూర్చుంది. మేం చూసేసరికి లోపలి చిన్న గుండీ బ్యాటరీ నోటి దగ్గర ఉంది. మింగలేదు, మా అదృష్టం. ఆ రాత్రి డాక్టరు చెప్పినది ఇంకా చెవుల్లో ఉంది. గుండీ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి పొరను కాల్చేయగలదట. మింగారని అనుమానం వచ్చినా చాలు, లక్షణాల కోసం ఎదురు చూడకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

కాబట్టి పాడే కార్డులు, వెలిగే బొమ్మలు, మినుకుమనే టోపీలు చెత్తలో వేసేముందు విప్పండి. బ్యాటరీ తీసి రెండు వైపులా టేపు అంటించండి. ఒక గట్టి మూత సీసాలో వేసి పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

బెల్టు పక్కన | డిసెంబరు 26, రాత్రి 9:52

టేపు మాకోసం కూడా. లిథియం బ్యాటరీలు చెత్త బండిలో నలిగితే లోపల పొరలు ఒకదానికొకటి తగిలి అంటుకుంటాయి. ఒకటి అంటుకుంటే దాని వేడికి పక్కది, దాని వేడికి ఇంకొకటి. చుట్టూ పొడి కాగితం. మా దగ్గర రెండుసార్లు మంటలు వచ్చాయి. బ్యాటరీలు తడి చెత్తలో కాదు, పొడి చెత్తలో కాదు, విడిగా సేకరించే పెట్టెల్లోనే వేయాలి. గీత కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ వాటి మీద ఉండేది అందుకే.

రెండో చెట్టు | డిసెంబరు 27, ఉదయం 8:15

ఇంత గొడవ ఎందుకండీ, పెరడు ఉంటే కాగితాలు, తోరణాలు, చెట్టు అన్నీ కలిపి ఒక మూల తగలబెడితే అరగంటలో పని అయిపోతుంది. మా చిన్నప్పుడు అలాగే చేసేవాళ్లం.

తోటమాలి | డిసెంబరు 27, ఉదయం 8:41

మీ చిన్నప్పుడు గిఫ్ట్ పేపరు కాగితమే అయ్యుంటుంది. ఇప్పటి తోరణాలు చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్. కాల్చితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకు అది ఆమ్లమే, దానితో డయాక్సిన్లనే విషాలు కూడా. రంగు కాగితం బూడిదను మొక్కలకు వేయడానికి కూడా పనికిరాదు. ఎండిన చెట్టు సంగతి ఇంకా ప్రమాదం, దానిలో జిగురు నూనెలు ఉంటాయి, అగ్గిపుల్ల తగిలితే భగ్గుమంటుంది.

చెట్టును ఇలా చేయండి. ముందు దాని మీద ఉన్న ప్రతి తీగ, దారం, కొక్కెం తీసేయండి, ఒక్కటి కూడా మిగలకూడదు. కొమ్మలు కోసి ముక్కలు చేసి మొక్కల మొదళ్లలో పరిస్తే తేమ ఆరిపోదు. కాండాన్ని అడుగు ముక్కలుగా కోసి ఆరబెడితే చక్కని పీటలో, కుండీల కింద దిమ్మలో అవుతాయి. రాలిన సూదాకులు చీపురుతో ఊడ్చండి, వాక్యూమ్‌లో వేస్తే గొట్టం మూసుకుపోతుంది. అనుభవం.

నిశాచరి | డిసెంబరు 27, ఉదయం 9:20

అయితే వచ్చే ఏడాది నుంచి ప్లాస్టిక్ చెట్టు కొంటే ఈ బాధే ఉండదు కదా?

లెక్కల మాస్టారు | డిసెంబరు 27, ఉదయం 10:05

ఎన్నేళ్లు వాడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. కార్బన్ ట్రస్ట్ అనే బ్రిటన్ సంస్థ వేసిన అంచనా ప్రకారం రెండు మీటర్ల కృత్రిమ చెట్టు వెనక సుమారు 40 కిలోల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన ఉద్గారాలున్నాయి. అదే ఎత్తు నిజం చెట్టును చెత్తకుప్పలో కుళ్లనిస్తే 16 కిలోలు, ముక్కలు చేసి వాడితే నాలుగు కిలోల లోపే. అంటే ప్లాస్టిక్ చెట్టును పది పన్నెండేళ్లు దాచుకుని వాడితే లెక్క సరిపోతుంది. ఇప్పటికే మీ అటక మీద ఒకటి ఉంటే అదే అన్నింటికన్నా మంచి చెట్టు. దాని ఆకులు పీవీసీ, కాండం ఇనుము, రెండూ మెలిపెట్టి ఉంటాయి కాబట్టి పారేశాక విడదీసేవాళ్లు ఉండరు.

చిత్తుకాగితం | డిసెంబరు 27, ఉదయం 11:16

అటక అనగానే మా అత్తయ్య గుర్తొచ్చింది. బహుమతి ఇస్తే చింపదు. గోటితో టేపు మెల్లగా లేపి, కాగితం మడతలు విప్పి, వెనకవైపు నుంచి తక్కువ వేడితో ఇస్త్రీ చేసి పరుపు కింద పెడుతుంది. మొదట్లో పిల్లలు నవ్వేవాళ్లు. ఇప్పుడు మా ఇంట్లో ఒక నీలిరంగు కాగితం ఉంది, తొమ్మిదేళ్లుగా ఒకరి నుంచి ఒకరికి తిరుగుతోంది. అంచులు కత్తిరించీ కత్తిరించీ ఇప్పుడు ఒక పుస్తకానికి మాత్రమే సరిపోతుంది. ఈ ఏడాది నాకు పుస్తకం వచ్చింది. ఎవరిదో చూడకముందే కాగితం చూసి పలకరించాను.

జపాన్‌లో గుడ్డతో చుట్టి ముడి వేసే పద్ధతి ఉంది, ఫురోషికి అంటారు. పాత దుపట్టాతో చేసి చూశాను, బాగుంది. దుపట్టా తిరిగి రాలేదు, అదొక్కటే లోటు.

నిర్వాహకులు | డిసెంబరు 27, మధ్యాహ్నం 12:00

ఒక మాట. పాలు, రసాల పెట్టెలు, థర్మోకోల్, నూనె, బ్యాటరీలు ఎక్కడ తీసుకుంటారన్నది ఊరిని బట్టి మారుతుంది. ఇక్కడి సలహా, మీ స్థానిక సంస్థ ఇచ్చిన జాబితా వేరుగా ఉంటే జాబితానే పాటించండి. పరవాలేదులే, వాళ్లే చూసుకుంటారు అనుకుని అనుమానమున్న వస్తువును పొడి చెత్తలో వేయవద్దు. అది మంచి మనసుతో చేసే కల్తీ.

మూడో అంతస్తు | డిసెంబరు 27, సాయంత్రం 6:30

మిగిలింది సీరియల్ లైట్లు. మధ్య నుంచి చివరిదాకా వెలగడం లేదు. వైర్లలో రాగి ఉంటుందని చదివాను. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చేస్తాను, సరేనా?

లెక్కల మాస్టారు | డిసెంబరు 27, సాయంత్రం 7:02

పారేయడానికైతే సరైన చోటు అదే. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైతే అందులో లెక్క ప్రకారం సేకరించి శుద్ధి చేసింది 22.3 శాతమే. కానీ అది నిజంగా చెత్తేనా? పేరులోనే ఉంది, సీరియల్. బల్బులు ఒకదాని వెనక ఒకటి వరస కట్టి ఉంటాయి. వరసలో ఒకటి వదులైతే ఆ భాగమంతా ఆరిపోతుంది. పాడైనది తీగ కాకపోవచ్చు. ప్లగ్ తీసేసి, ఆరిన భాగంలో ఒక్కొక్క బల్బునూ మెల్లగా అదిమి చూడండి. వైరు ఎక్కడైనా చిరిగి ఉంటే మాత్రం ప్రయత్నించవద్దు.

మూడో అంతస్తు | జనవరి 2, రాత్రి 8:48

లెక్క చెప్పడానికి వచ్చాను. ఆరు సంచులు చివరికి ఒకటిన్నర అయ్యాయి. పెట్టెలన్నీ సాపు చేసి తాడుతో కడితే గోడవారన ఒక చిన్న బల్లంత అయ్యాయి. ఫ్రీజర్ డబ్బా 29 పొద్దున ఖాళీ చేశాం (మేం కూడా చీటీ అంటించాం). గాజు పెట్టె మీద మా అబ్బాయి పుర్రె బొమ్మ వేశాడు. బండి దగ్గర ఉన్నాయన అది చూసి నవ్వి, రెండు చేతులతో జాగ్రత్తగా తీసుకున్నాడు. మెరుపు పొడి మాత్రం ఇంకా టైల్సు సందుల్లో ఉంది. ఎప్పటికీ ఉంటుందనుకుంటాను.

ఓడిపోయినవి రెండున్నాయి. థర్మోకోల్ దిమ్మలు అటక ఎక్కాయి, వాటి గతి ఏమిటో తెలియదు. ఒక నల్ల ట్రేల దొంతర కూడా మామూలు చెత్తలోకే పోయింది.

సీరియల్ తీగ బాల్కనీలో సంచిలోనే ఉండిపోయింది. ఈ రోజు తీసి ప్లగ్ లేకుండా ఒక్కొక్కటీ అదుముకుంటూ పోయాను. ఆరిన భాగంలో పదిహేడో బల్బు కిర్రుమని లోపలికి కూర్చుంది. ప్లగ్ పెట్టాను. మొత్తం వెలిగింది. చెట్టు లేదు, ముక్కలై కుండీల్లో ఉంది. ప్రస్తుతానికి బాల్కనీ కడ్డీలకు చుట్టాను.

బెల్టు పక్కన | జనవరి 2, రాత్రి 9:15

ఉంచండి. మా చక్రాలకు చుట్టుకోవాల్సింది.